రెండే గోల్స్ ఇచ్చి ప్రపంచకప్ పోగొట్టుకున్న గోల్‌కీపర్

మహిళల ఫుట్‌బాల్ ఎప్పుడూ చూడనివాళ్లకి కూడా ఆ ఫొటో ఎక్కడో ఒకచోట కనపడే ఉంటుంది. గడ్డి మీద మోకాళ్లపై కూలబడి, విప్పేసిన జెర్సీని పిడికిట్లో బిగించి, గొంతు చించుకుని అరుస్తున్న అమెరికా అమ్మాయి. పేరు బ్రాండీ చాస్టెయిన్. 1999 జులై 10, కాలిఫోర్నియాలోని పాసడీనా, రోజ్ బౌల్ స్టేడియం, 90,185 మంది జనం, ప్రపంచకప్ ఫైనల్లో చివరి పెనాల్టీ. ఆ ఫొటో గురించి పాతికేళ్లుగా రాస్తూనే ఉన్నారు. నేను మాత్రం అందులో ఎవరూ వెతకని మనిషి గురించి రాద్దామనుకుంటున్నాను, అంటే ఆ బంతి ఎవరిని దాటుకుని వలలో పడిందో ఆవిడ గురించి.

ఆమె పేరు గావ్ హోంగ్. చైనావాళ్లదీ మన పద్ధతే, ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. గావ్ అంటే ఎత్తు, హోంగ్ అంటే ఎరుపు. గోల్‌కీపర్‌కి 'ఎత్తు' ఇంటిపేరుగా దొరకడం భలే కుదిరింది. 1967లో ఇన్నర్ మంగోలియాలోని హోహోట్‌లో పుట్టింది, దేశవాళీలో గ్వాంగ్‌డాంగ్ తరఫున ఆడింది, 1996లో ఒలింపిక్ రజతం, 1999లో ప్రపంచకప్ రన్నరప్, 2001లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్, తర్వాత కోచ్. కెరీర్ అంతా ఒక్క వాక్యంలో అయిపోయింది. కానీ ఈ వాక్యం చదివితే అసలు సంగతి ఏమీ తెలియదు. గోల్‌కీపర్ల విషయంలో ఎప్పుడూ ఇదే ఇబ్బంది, వాళ్లు చేసిన పని స్కోర్‌బోర్డు మీద కనపడదు, చేయలేకపోయింది మాత్రమే కనపడుతుంది.

ముందు ఈ లెక్క చూడండి. 1999 టోర్నీలో చైనా ఆరు మ్యాచ్‌లు ఆడింది. స్వీడన్ మీద 2-1, ఘనా మీద 7-0, ఆస్ట్రేలియా మీద 3-1, క్వార్టర్ ఫైనల్లో రష్యా మీద 2-0, సెమీస్‌లో అప్పటి ఛాంపియన్ నార్వే మీద 5-0. ఫైనల్ 0-0, అదీ 90 నిమిషాలకి కాదు, ఎక్స్‌ట్రా టైమ్‌తో కలిపి 120 నిమిషాలకి. మొత్తం కొట్టినవి 19, ఇచ్చినవి 2. కప్పు గెలిచిన అమెరికా కొట్టినవి 18, ఇచ్చినవి 3. పెనాల్టీ షూటౌట్ (స్కోరు సమమైతే చెరి ఐదు పెనాల్టీలు కొట్టి గెలుపు తేల్చడం) దాకా వెళ్లిన మ్యాచ్‌ని రికార్డుల్లో డ్రాగానే రాస్తారు కాబట్టి, చైనా ఆ ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదు. కప్పు మాత్రం ఇంటికి రాలేదు. టోర్నీ అయ్యాక ప్రకటించిన ఆల్‌స్టార్ జట్టులో ఇద్దరు గోల్‌కీపర్లుంటే ఒకరు అమెరికాకి చెందిన బ్రియానా స్కరీ, ఇంకొకరు గావ్ హోంగ్.

మరి ఎక్కడ పోయింది? 'అదృష్టం' అని చెప్పేసి లేచిపోవచ్చు. నేను కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. కానీ ఆ మ్యాచ్‌ని గోల్‌కీపర్ పని తెలిసినవాళ్ల కళ్లతో చూస్తే ఫలితాన్ని తేల్చిన ఘట్టాలు మూడు కనపడతాయి, మూడూ గోల్‌కీపింగ్‌కి సంబంధించినవే, తమాషా ఏంటంటే మూడింట్లోనూ గావ్ హోంగ్ తప్పు ఏమీ లేదు.

మొదటిది ఎక్స్‌ట్రా టైమ్‌లో. అప్పట్లో 'గోల్డెన్ గోల్' రూల్ ఉండేది, ఎక్స్‌ట్రా టైమ్‌లో ఎవరు ముందు గోల్ కొడితే వాళ్లు గెలిచినట్టే, ఆట అక్కడికక్కడ ఆగిపోతుంది. చైనాకి కార్నర్ వచ్చింది. ఫాన్ యున్‌జియె ఎగిరి తలతో కొట్టింది, బంతి స్కరీని దాటేసింది, గోల్ గీత దగ్గరికి వచ్చేసింది. అక్కడ గోల్‌పోస్టుని ఆనుకుని నిలబడ్డ క్రిస్టిన్ లిల్లీ తలతో బయటికి కొట్టేసింది. జాన బెత్తెడు అటూ ఇటూ అయితే ప్రపంచకప్ చైనాది, చాస్టెయిన్ ఫొటో లేదు. లిల్లీ అక్కడికి హఠాత్తుగా పరిగెత్తుకొచ్చి కాపాడలేదు. కార్నర్ కొట్టేటప్పుడు పోస్టు దగ్గర ఒకరిని నిలబెట్టడం అనేది గోల్‌కీపర్ డిపార్ట్‌మెంట్ వ్యవహారం. ఏ పోస్టు దగ్గర ఎవరు, ఆరు గజాల గీత మీద ఎవరు, వాళ్లలో పొడుగైన అమ్మాయిని ఎవరు కాయాలి, ఇవన్నీ ముందే కూర్చుని రాసుకుంటారు, మ్యాచ్‌లో గోల్‌కీపర్ అరిచి సర్దుతుంది. మ్యాచ్ మొత్తంలో అది పనికొచ్చేది ఒక్కసారి. ఆ ఒక్కసారి కోసమే పది కార్నర్లకీ అక్కడ మనిషి నిలబడాలి.

రెండోది షూటౌట్‌లో మూడో పెనాల్టీ. చైనా ముందు కొడుతోంది, చెరి రెండూ పడ్డాయి, 2-2. లియు యింగ్ వచ్చింది. బంతి దగ్గరికి నడిచి వస్తున్నప్పుడే ఆమె భుజాలు వాలిపోయి ఉన్నాయని, ఇది నాదే అని తనకి అప్పుడే అనిపించిందని స్కరీ తర్వాత చాలాసార్లు చెప్పింది. లియు యింగ్ కాలు బంతికి తగలకముందే స్కరీ గీత దాటి ముందుకి వచ్చేసింది, ఎడమవైపు దూకి బంతిని బయటికి తోసింది. గీత దాటిన సంగతి ఆమే ఒప్పుకుంది. రిఫరీ విజిల్ ఊదలేదు. షూటౌట్ మొత్తంలో ఆగిన బంతి అదొక్కటే.

బంతి తన్నేదాకా కీపర్ గోల్ గీత మీదే ఉండాలన్నది రూల్. ఇక్కడ కొంచెం ఆగి ఆ రూల్ సంగతి చూడాలి, ఎందుకంటే 'ఒక అడుగు ముందుకొస్తే ఏం కొంప మునిగింది' అని చాలామంది అడుగుతారు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు. పెనాల్టీ స్పాట్ గీత నుంచి 11 మీటర్ల దూరం. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో కొట్టిన బంతి ఆ 11 మీటర్లు రావడానికి 0.4 సెకను పడుతుంది. మనం కన్ను ఆర్పి తెరిచేలోపు వచ్చేసినట్టే. అంటే బంతి ఎటు వెళ్తోందో చూసి, ఆలోచించి, అప్పుడు దూకడం మనిషి వల్ల అయ్యే పని కాదు, కొట్టేవాళ్ల నడుము, నిలకాలు, భుజం చూసి ముందే ఒక పక్కకి పందెం కాయాలి. ఇప్పుడు కీపర్ రెండు మీటర్లు ముందుకి వచ్చిందనుకోండి, బంతికీ ఆమెకీ మధ్య 9 మీటర్లే. బంతి నుంచి రెండు పోస్టులకీ గీతలు గీసి చూస్తే, 9 మీటర్ల దగ్గర ఆ గీతల మధ్య ఖాళీ 7.32 నుంచి 6 మీటర్లకి తగ్గిపోతుంది. ఒక మీటరు ముప్పై సెంటీమీటర్లు మిగిలినట్టు, చెరో పక్కా అరవై చిల్లర. పెనాల్టీలో చేతి వేళ్లకీ బంతికీ మధ్య తేడా సాధారణంగా అంతకంటే తక్కువే ఉంటుంది. గీత దాటడం వల్ల టైమ్ కాస్త తగ్గుతుంది నిజమే, కానీ ఎటూ పందెమే కాసినప్పుడు ఆ నష్టం పెద్ద లెక్కలోది కాదు.

1997 దాకా అయితే కీపర్ గీత మీద పాదాలు కదపకుండా నిలబడాలి. ఆ ఏడాది రూల్ మార్చి, గీత మీదే ఉంటూ పక్కలకి కదలొచ్చు అన్నారు. ముందుకి రావడం అప్పుడూ తప్పే. కానీ రిఫరీలు చూసీ చూడనట్టు వదిలేసేవాళ్లు, పురుషుల ఆటలోనూ అంతే, ప్రతివాళ్లూ రెండు మూడు అడుగులు దొంగిలించేవాళ్లు. కాబట్టి స్కరీని దొంగ అనడం నాకు ఇష్టం లేదు. పోలీసు లేని సిగ్నల్ దగ్గర అందరూ దాటేసినట్టే దాటింది, కాకపోతే ఆమె దాటింది ప్రపంచకప్ ఫైనల్లో. చైనాలో ఆ చేదు పోవడానికి ఏళ్లు పట్టింది.

మూడోది ఆఖరి పెనాల్టీ, అసలు కథ ఇక్కడుంది. ఆ ఏడాదే మార్చిలో పోర్చుగల్‌లో జరిగిన అల్గార్వ్ కప్‌లో చైనా, అమెరికా తలపడ్డాయి. చాస్టెయిన్ పెనాల్టీ తీసుకుంది, కుడికాలితో, క్రాస్‌బార్‌కి తగిలింది, అమెరికా ఓడిపోయింది. గోల్‌లో ఉన్నది గావ్ హోంగ్. పెనాల్టీ కొట్టబోయేవాళ్ల కళ్లలోకి సూటిగా చూసి నవ్వడం ఆమెకి అలవాటు, అది ఎదుటివాళ్లకి ఎంత టెన్షన్ పెడుతుందో ఊహించుకోండి. ఫైనల్లో ఆమె ముఖం వైపు చూడకూడదని చాస్టెయిన్ గట్టిగా అనుకుని వెళ్లిందట. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఈసారి ఆమె ఎడమకాలితో కొట్టింది. ఎడమకాలితో కొట్టమన్నది కోచ్ టోనీ డిచికో. ఈ కుడికాలి పెనాల్టీని ఎదుటి గోల్‌కీపర్ ఇప్పటికే చదివేసింది, కాలు మార్చు అని.

ఈ డిచికో ఎవరంటే, మాజీ గోల్‌కీపర్. కాలేజీలో గోల్‌కీపర్, తర్వాత అమెరికా చిన్న లీగుల్లో గోల్‌కీపర్, 1991లో మొదటి మహిళల ప్రపంచకప్ గెలిచిన అమెరికా జట్టుకి గోల్‌కీపర్ల కోచ్, ఆ తర్వాత హెడ్ కోచ్ అయ్యాడు. గోల్‌కీపర్ బుర్రలో ఏముంటుందో తెలిసిన మనిషి కాబట్టే ఆ సలహా వచ్చింది. పెనాల్టీ ఆపేవాళ్లు కొట్టేవాళ్ల పాత కిక్కులన్నీ గుర్తుపెట్టుకుంటారు, ఏ కాలు, ఎంత దూరం నుంచి పరుగు, ఆఖరి అడుగుకి ముందు తల ఎటు తిరుగుతుంది అన్నీ. కాలు మారిస్తే ఆ ఖాతా మొత్తం చెరిపేసినట్టే. గావ్ హోంగ్ మీద గెలిచింది చాస్టెయిన్ ఒక్కతే అనుకుంటాం కానీ, ఒక గోల్‌కీపర్ మీద ఇంకో గోల్‌కీపర్ గెలిచాడు, బెంచీ మీద కూర్చుని.

అందుకే గోల్‌కీపర్లు కోచ్‌లయితే ఏమవుతుందన్న ప్రశ్న నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. జవాబు కూడా అంత తేలిక కాదు.

మన గల్లీల్లో గోల్‌కీపర్ ఎలా అవుతారో మీకు తెలుసు. ఆట సరిగ్గా రానివాడిని, లేదా బంతి కొన్నవాడి తమ్ముడిని తీసుకెళ్లి రెండు ఇటుకల మధ్య నిలబెడతారు. ఆ చిన్నచూపు పెద్ద స్థాయిలోనూ పూర్తిగా పోలేదు. చైనా భాషలో గోల్‌కీపర్‌ని 'షౌమెన్‌యువాన్' అంటారు, తలుపు కాచే మనిషి అని అర్థం, మన మాటల్లో ద్వారపాలకుడు. ద్వారపాలకుడికి సింహాసనం ఎవరిస్తారు? ప్రపంచంలో పేరున్న హెడ్ కోచ్‌ల లిస్టు తీస్తే ఎక్కువమంది మిడ్‌ఫీల్డర్లు, డిఫెండర్లు. గోల్‌కీపర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. 1982లో నలభై ఏళ్ల వయసులో కెప్టెన్‌గా ఇటలీకి ప్రపంచకప్ తెచ్చిన డీనో జోఫ్, కోచ్‌గా 2000 యూరో ఫైనల్ దాకా తీసుకెళ్లి అక్కడ ఓడిపోయాడు, అదీ గోల్డెన్ గోల్‌తోనే. నూనో ఎస్పిరిటో శాంటో, హులెన్ లోపెతెగీ లాంటివాళ్లు ఉన్నారు. హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టు గోల్‌కీపర్, తర్వాత కోచింగ్ వైపు వచ్చాడు, కానీ ఆ సంగతి ఇవాళ హైదరాబాద్‌లోనే ఎంతమందికి గుర్తుంది.

దీనికి కారణం శిక్షణలోనే ఉంది. జట్టు ప్రాక్టీస్ జరుగుతుంటే మిగతా పదిమందీ ఒక పక్క, గోల్‌కీపర్లు ఇద్దరు ముగ్గురు వాళ్ల కోచ్‌తో ఇంకో పక్క. పాస్‌ల కదలికలు, ప్రెస్సింగ్ (ఎదుటివాళ్ల మీదికి వెళ్లి బంతి లాక్కోవడం), ఎటాక్ ఎలా కట్టాలి, ఈ మాటలన్నీ అటు జరుగుతుంటాయి. ఇటు వీళ్లు మట్టిలో దొర్లుతుంటారు. కాబట్టి రిటైరయ్యాక క్లబ్బులు వీళ్లని చూసే చూపు 'గోల్‌కీపర్ల కోచ్‌గా పనికొస్తారు' అన్నంతవరకే. నిజానికి మైదానం మొత్తం ముఖాన ఎదురుగా చూస్తూ తొంభై నిమిషాలు నిలబడేది వాళ్లొక్కళ్లే. ఎవరు ఎక్కడ ఖాళీ వదిలారు, ఏ డిఫెండర్‌కి కాళ్లు బరువెక్కాయి, ఎదుటి వింగర్ ఎప్పుడు లోపలికి తిరుగుతుంది, ఇవన్నీ ముందు కనపడేది వాళ్లకే. కనపడినదాన్ని గొంతు చించుకుని చెప్పడమే వాళ్ల పని.

గోల్‌కీపర్ శిక్షణ ఎలా ఉంటుందో దగ్గర్నుంచి ఒకసారి చూస్తే తెలుస్తుంది. కోచ్ ఆరేడు మీటర్ల దూరంలో పది బంతులు పెట్టుకుని నిలబడుతుంది. మొదట నేర్పేది దూకడం కాదు, ఆగడం. బంతిని తన్నే క్షణానికి రెండు పాదాలూ నేల మీద ఉండాలి, మడమలు కాస్త పైకి, బరువు ముందువైపు, చేతులు నడుము పక్కన తెరిచి. గాల్లో ఉన్న కీపర్‌కి గోల్ తినడం ఖాయం, ఎందుకంటే నేల తగలనిదే ఇంకో పక్కకి తోసుకోలేదు. తర్వాత పక్కకి వచ్చే బంతి. దగ్గరి కాలు ముందు పక్కకీ ముందుకీ కలిపి ఏటవాలుగా వేయాలి, తిన్నగా పక్కకి వేస్తే చేతులు వెనక్కి వెళ్లి బంతి కిందనుంచి జారిపోతుంది. పడటం కూడా నేర్పాలి. పిక్క పక్క, తొడ పక్క, తుంటి, భుజం, ఈ వరసలో నేలకి తగలాలి, మోచేయి ముందు తగిలితే వారం రోజులు ఆట బంద్. పట్టుకునేటప్పుడు రెండు బొటనవేళ్లు దాదాపు ఒకదానికొకటి తగిలేలా బంతి వెనక ఉండాలి. పట్టుకోలేమనుకుంటే తోసేయాలి, కానీ గోల్ ముందుకి కాదు, పక్కకి. ఇది రోజుకి వందల సార్లు. ఏడాది తర్వాత మ్యాచ్‌లో ఇందులో ఒకటి పనికొస్తే టీవీలో 'అద్భుతమైన రిఫ్లెక్స్' అంటారు. రిఫ్లెక్స్ ఏంటి నా మొహం, అది వెయ్యిసార్లు పడిన మట్టి.

మళ్లీ గావ్ హోంగ్ దగ్గరికి. ఆమె తయారైన వ్యవస్థ అర్థం కావాలంటే చైనా మహిళా ఫుట్‌బాల్ అంత త్వరగా పైకి ఎలా వచ్చిందో తెలియాలి. 1980ల్లో ప్రపంచంలో చాలా దేశాలు ఆడవాళ్ల ఫుట్‌బాల్‌ని పట్టించుకోలేదు, యూరప్‌లో పెద్ద పెద్ద క్లబ్బులకీ అది అక్కర్లేదు. చైనా లెక్క వేరు. అక్కడ క్రీడలంటే ప్రభుత్వ వ్యవహారం, పతకాల లెక్క. రాష్ట్రాల జట్లు, వాళ్లకి హాస్టళ్లు, జీతం, రోజంతా శిక్షణ, నాలుగేళ్లకోసారి జాతీయ క్రీడల్లో తమ రాష్ట్రం పరువు. 1987లో గ్వాంగ్‌డాంగ్‌లో జరిగిన జాతీయ క్రీడల్లో మహిళల ఫుట్‌బాల్‌ని చేర్చారు. 1988లో ఫిఫా ఆడవాళ్లకి ప్రపంచకప్ పెట్టొచ్చా లేదా అని పరీక్షగా 12 జట్లతో ఒక టోర్నీ పెట్టింది, అది కూడా గ్వాంగ్‌డాంగ్‌లోనే. 1991 నవంబర్‌లో మొట్టమొదటి మహిళల ప్రపంచకప్, మళ్లీ గ్వాంగ్‌డాంగ్. మ్యాచ్ 80 నిమిషాలే, ఆడవాళ్లు 90 నిమిషాలు తట్టుకోలేరేమోనని ఫిఫా పెద్దమనుషుల బెంగ. చైనా క్వార్టర్స్‌లో స్వీడన్ చేతిలో 0-1తో పోయింది, సొంతగడ్డ మీద.

నాలుగేళ్ల తర్వాత స్వీడన్‌లో లెక్క సరిచేసింది. 1995 క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య జట్టుని పెనాల్టీల్లో ఓడించింది, మహిళల ప్రపంచకప్ చరిత్రలో మొదటి షూటౌట్ అదే. చివరికి నాలుగో స్థానం. 1996లో మహిళల ఫుట్‌బాల్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది, ఫైనల్లో అమెరికా చేతిలో 1-2, 76 వేల మందికి పైగా జనం ముందు, రజతం. అంటే 1999 ఫైనల్ నాటికి ఈ రెండు జట్లూ ఒకళ్ల ఇంటి సంగతులు ఇంకొకళ్లకి తెలిసిన పాత చుట్టాల్లాంటివి. కోచ్ మా యువాన్‌ఆన్ జట్టుని ఏళ్ల తరబడి కలిపి ఉంచాడు, ఏడాదిలో ఎక్కువ రోజులు క్యాంపుల్లోనే. గోల్‌కీపర్, ముందున్న డిఫెండర్లు రోజూ కలిసి తిని కలిసి ఆడితే వచ్చే అవగాహన మామూలుది కాదు, ఆరు మ్యాచ్‌ల్లో రెండే గోల్స్ అన్న లెక్కలో ఆ క్యాంపుల వాటా చాలా ఉంది. చైనా మీడియా వాళ్లకి పెట్టిన పేరు 'ఖణేల్మనే గులాబీలు' అన్నట్టుంటుంది, ఇంగ్లిష్ పత్రికలు దాన్ని ఉక్కు గులాబీలు చేశాయి.

ఆ బలంలోనే బలహీనత కూడా ఉంది. కింద పునాది చాలా సన్నం. స్కూళ్లలో ఆడే అమ్మాయిలు తక్కువ, రాష్ట్ర జట్లు కొన్ని, వాటిలోంచి ఏరిన ఇరవై మంది. ఆ ఇరవై మంది గొప్పవాళ్లయితే ప్రపంచ రెండో జట్టు, వాళ్లు వయసు మీరితే వెనక ఎవరూ లేరు. అవతల అమెరికాలో 1972 చట్టం వల్ల కాలేజీలు అమ్మాయిల ఆటలకి కూడా అబ్బాయిలతో సమానంగా అవకాశం ఇవ్వాల్సి వచ్చి, లక్షల మంది ఆడటం మొదలుపెట్టారు. 2000 తర్వాత యూరప్ క్లబ్బులు కూడా డబ్బు పెట్టాయి. చైనా జోరు ఎలా తగ్గిందో చూడండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో గ్రూప్ దశ దాటలేదు. 2003 ప్రపంచకప్ చైనాలో జరగాల్సింది, సార్స్ అంటువ్యాధి వల్ల అమెరికాకి తరలిపోయింది, అక్కడ క్వార్టర్స్‌లో కెనడా చేతిలో 0-1. 2004 ఏథెన్స్‌లో జర్మనీ చేతిలో 0-8. ఐదేళ్ల ముందు ఆరు మ్యాచ్‌ల్లో రెండు గోల్స్ ఇచ్చిన దేశం ఇదేనా అనిపిస్తుంది. 2011 ప్రపంచకప్‌కి అసలు అర్హతే సాధించలేదు. 2023లో ఇంగ్లండ్ చేతిలో 1-6తో గ్రూప్ దశలోనే ఇంటికి.

గావ్ హోంగ్ మాత్రం ఆ పతనం పూర్తిగా మొదలయ్యేలోపే అమెరికా వెళ్లింది. 1999 ఫైనల్ తెచ్చిన ఊపుతో అక్కడ డబ్ల్యూయూఎస్ఏ అనే మహిళల ప్రొఫెషనల్ లీగ్ 2001లో మొదలైంది, ఎనిమిది జట్లు. చైనా ఫైనల్ జట్టులోంచి చాలామందిని తీసుకున్నారు, ఆ ప్రపంచకప్‌లో ఉత్తమ క్రీడాకారిణి అయిన సున్ వెన్ అట్లాంటాకి, గావ్ హోంగ్ న్యూయార్క్ పవర్‌కి. తనని ఓడించిన ఫైనల్ పుణ్యమా అని పుట్టిన లీగ్‌లో ఉద్యోగం, జీవితం ఇలాంటి జోకులు వేస్తుంటుంది. ఆ లీగ్ కూడా మూడు సీజన్లకే డబ్బుల్లేక మూతపడింది, 2003 సెప్టెంబర్‌లో, సరిగ్గా ప్రపంచకప్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు.

ఆ తర్వాత కోచింగ్. ఆమె హెడ్ కోచ్‌గా పనిచేసింది చైనా 17 ఏళ్లలోపు అమ్మాయిల జట్టుకి. ఈ వయసు జట్ల కోచింగ్‌కి పేరు రాదు, కెమెరాలు రావు, గెలిస్తే 'పిల్లలు కదా' అంటారు, ఓడితే 'భవిష్యత్తు లేదు' అంటారు. కానీ వ్యవస్థలో అసలు చిల్లు ఎక్కడుందో అక్కడే ఆమె నిలబడింది. ఇరవై మందిని ఏరడం ఎవరైనా చేస్తారు, ఏరడానికి కింద రెండొందల మంది ఉండాలి కదా. గోల్‌కీపర్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఫార్వర్డ్‌కి పదిహేనేళ్లకే వేగం ఉంటే నెట్టుకొస్తుంది, గోల్‌కీపర్ మాత్రం పండడానికి టైమ్ పడుతుంది, గావ్ హోంగ్ తన గొప్ప టోర్నీ ఆడినప్పుడు వయసు 31. ఆ వయసు దాకా ఒక అమ్మాయిని ఆటలో ఉంచాలంటే పదమూడేళ్లప్పుడు ఎవరో ఒకరు మోచేయి తగలకుండా పడటం నేర్పి ఉండాలి.

ఇక రూల్ ఏమైందో చెప్పి ఆ ముడి కూడా విప్పేస్తాను. 2019లో మార్చారు. బంతి తన్నే క్షణానికి కీపర్ కనీసం ఒక పాదమైనా గీత మీద, లేదా గీతకి సరిగ్గా పైన ఉండాలన్నారు, 2022 నుంచి గీతకి వెనక ఉన్నా పర్వాలేదు. పక్కలకి కదలొచ్చు, ఒక కాలు ముందుకి వేయొచ్చు, రెండోది గీత దాటి ముందుకి రాకూడదు. పేపర్ మీద ఇది కీపర్లకి సడలింపే, అంతకుముందు రెండు పాదాలూ గీత మీద ఉండాలి. కానీ ఈసారి చూడటానికి వీడియో రిఫరీ ఉన్నాడు. అదే ఏడాది మహిళల ప్రపంచకప్‌లో ఫ్రాన్స్ మీద నైజీరియా కీపర్ నాడోజీ ఎదుర్కొన్న పెనాల్టీ పోస్టుకి తగిలి బయటికి పోయింది, అయినా ఆమె గీత దాటిందని మళ్లీ కొట్టించారు, గోల్. రెండు రోజులకి స్కాట్లాండ్ కీపర్ ఆఖరి నిమిషాల్లో అర్జెంటీనా పెనాల్టీని ఆపేసింది, మళ్లీ గీత, మళ్లీ కిక్, గోల్, 3-3, స్కాట్లాండ్ ఇంటికి. సెంటీమీటర్ల తేడాకి ఇలా చేశారు. రోజ్ బౌల్‌లో అది సెంటీమీటర్ల వ్యవహారం కూడా కాదు, స్టాండ్లలోంచి కనపడేంత. ఇవాళ్టి రూల్, ఇవాళ్టి కెమెరాలు ఉంటే లియు యింగ్ మళ్లీ కొట్టేది. గోల్ అయ్యేదో లేదో ఎవరు చెప్పగలరు, కానీ పెనాల్టీలు నాలుగింట మూడు లోపలికి వెళ్తాయి.

చివరగా మన దేశంలో జరిగిన ముక్క. 2022 జనవరి, ఫిబ్రవరిల్లో మహిళల ఆసియా కప్ ఇండియాలో పెట్టారు, ముంబై, నవీ ముంబై, పుణే. మన జట్టు పాపం క్యాంపులో కోవిడ్ వచ్చి మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది. చైనా జట్టుకి కోచ్ షుయి చింగ్‌షియా, 1996 రజతం జట్టులో గావ్ హోంగ్‌తో కలిసి ఆడిన మిడ్‌ఫీల్డర్. సెమీస్ పుణేలో, జపాన్ మీద. ఎక్స్‌ట్రా టైమ్ 119వ నిమిషంలో వాంగ్ షాన్‌షాన్ కొడితే 2-2 అయింది. షూటౌట్. ఈసారి చైనా గోల్‌కీపర్ జూ యూ రెండు ఆపింది, అదీ వీడియో రిఫరీ తన పాదాలనే చూస్తుండగా. చైనా 4-3తో ఫైనల్‌కి వెళ్లింది. అంతకు రెండు రోజుల ముందే, వాళ్ల కొత్త సంవత్సరం పండుగనాడు, పురుషుల జట్టు వియత్నాం చేతిలో 1-3తో ఓడి ఊరంతా తిట్లు తింటోంది. అందుకని ఈ అమ్మాయిల గెలుపు అక్కడ ఇంకో రెండింతలు పెద్దదైంది.

ఫిబ్రవరి 6, నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియం. దక్షిణ కొరియాతో ఫైనల్, సగం ఆట అయ్యేసరికి చైనా 0-2. రెండో సగంలో పెనాల్టీతో ఒకటి, నాలుగు నిమిషాలకి తలతో ఇంకొకటి, ఇంజురీ టైమ్‌లో షియావ్ యూయీ మూడోది. 3-2, పదహారేళ్ల తర్వాత ఆసియా కప్. జూ యూ ఆ ఒక్క సగంలో ఇచ్చిన గోల్స్ రెండు, గావ్ హోంగ్ 1999 టోర్నీ మొత్తంలో ఇచ్చినన్ని. వాటి గురించి ఎవరూ మాట్లాడరు, ముందున్నవాళ్లు మూడు కొట్టారు కాబట్టి.